రిపోర్టు కంటే ముందు జోడేఘాట్

పాతబస్తీకి వెళ్లిన మనవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆసఫ్‌జాహీల దర్బారు హాలు చూసి వస్తారు. ఆ దర్బారు ఏలిన అడవుల్లో మన పెద్దలు ఎలా బతికారో తెలియాలంటే మాత్రం 'ట్రైబల్ హైదరాబాద్' చదవాలి. నాలుగు నివేదికల ఈ పుస్తకాన్ని 1945లో నిజాం రెవెన్యూ శాఖే అచ్చువేసింది. రాసినవారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్.

చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య ఉండి ఆయన చూసింది చూసినట్టు రాశారు. ఆ చదువు కాగితం మీదే ఆగిపోలేదు. 1943లో మార్లవాయిలో బడి వచ్చింది, గోండీలో వాచకాలు వచ్చాయి. గోండులకు భూమి పట్టాలు అందాయి. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. పరిశోధన ప్రభుత్వాన్ని ఇంతగా కదిలించిన సందర్భాలు మనకు తక్కువే. మార్లవాయి ఆయనను ఇంకా తలుచుకోవడంలో న్యాయం ఉంది.

అయితే సర్కారును ముందు కదిలించింది పుస్తకమా? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ భూమి కోసమే. ఆ తర్వాతే కారణాలు తెలుసుకోమని పండితుణ్ణి పంపారు. భీం అడిగితే తూటా, అదే సంగతి ఇంగ్లీషులో రాస్తే సలహాదారు పదవి! ఇది హైమన్‌డార్ఫ్ తప్పు కాదు. ఎవరి మాటను సాక్ష్యంగా తీసుకోవాలో తేల్చే రాజ్యం తీరు అది.

నివేదికల లోపం మరోచోట ఉంది. అవి అధికారులతో మాట్లాడాయి. మనకు రక్షణ కావాలన్నాయి, ఆ రక్షణ తాళంచెవిని మాత్రం అధికారి చేతిలోనే ఉంచాయి. మంచి అధికారి పోగానే చట్టం నిద్రపోయింది. బయటివాళ్లు వచ్చారు, భూములు చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ భూమి కోసమే గోండులు తూటాలకు బలయ్యారు. పోయిన భూముల సంగతిని 1982లో వచ్చిన తన పుస్తకంలో హైమన్‌డార్ఫే దాచకుండా రాశారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

ఇప్పటికీ గూడేలకు ఫారాలు పట్టుకొని పరిశోధకులు వస్తారు. రానిద్దాం, చెబుదాం. రాసింది సచివాలయానికి పంపేముందు మన భాషలో మనకు చదివి వినిపించమని అడుగుదాం. ఆ తర్వాత వచ్చిన జీవో మంచిదో కాదో చేను దగ్గరే తేలుతుంది: పట్టా ఎవరి పేరున ఉంది, నాగలి ఎవరిది నడుస్తోంది?