రాతి కప్పు కింద పది గొంతులు

బ్రిటిష్ సంగీతకారులు న్యూయార్క్ నగరానికి వచ్చి ఇచ్చే కచేరీలలో పెద్ద వాద్యబృందాలకూ, పేరుపడ్డ ఏకవాద్య విద్వాంసులకూ దక్కే ప్రచారం, డిసెంబరు నెలలో ఏ వాద్యమూ తోడు లేకుండా చర్చిలలో పాడి వెళ్లే చిన్న గాయక బృందాలకు దక్కదు. అయినా ఆంగ్ల సంగీత సంప్రదాయంలోని అసలు పనితనం ఎక్కడుందో వినదలచినవారు రాబోయే చలికాలపు కచేరీల పట్టికలో ముందుగా వెతకవలసినవి ఆ చిన్న బృందాల పేర్లే. పాడేది ఎవరు అన్న ప్రశ్నతో పాటు ఏ కట్టడంలో పాడుతున్నారన్న ప్రశ్న కూడా టికెట్టు కొనేముందు వేసుకోవడం అవసరం, ఎందుకంటే ఈ రకం సంగీతంలో పాట చెవికి చేరే రూపాన్ని గాయకులు ఎంత నిర్ణయిస్తారో, వారి తలల పైనున్న కప్పు కూడా ఇంచుమించు అంతే నిర్ణయిస్తుంది.

ఈ బృందాలలో ప్రసిద్ధమైనది టాలిస్ స్కాలర్స్. పీటర్ ఫిలిప్స్ ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1973లో, దీనిని స్థాపించి నేటి వరకూ తానే నిర్వహిస్తున్నారు. ఎలిజబెత్ రాణి ఆస్థానంలో సేవచేసి 1585లో మరణించిన స్వరకర్త థామస్ టాలిస్ పేరు పెట్టుకున్న ఈ బృందం పదిహేను, పదహారు శతాబ్దాల ఐరోపా మతసంగీతాన్నే ప్రధానంగా పాడుతుంది. పాత సంగీతం అంటే పండితుల వ్యాపకమేనని అందరూ అనుకునే కాలంలో, 1987లో, స్వరకర్త జోస్కాన్ కృతులతో వీరు చేసిన రికార్డుకు గ్రామఫోన్ పత్రిక ఆ ఏటి ఉత్తమ రికార్డుగా పురస్కారం ఇచ్చింది. పాత సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మిల్లర్ థియేటర్ చాలా ఏళ్లుగా ఈ బృందాన్ని డిసెంబరులో న్యూయార్క్‌కు ఆహ్వానిస్తోంది. ఆ కచేరీ థియేటర్ ప్రాంగణంలో కాక, టైమ్స్ స్క్వేర్‌కు కొద్ది అడుగుల దూరంలో పశ్చిమ 46వ వీధిలో ఉన్న సెయింట్ మేరీ ద వర్జిన్ చర్చిలో జరగడం ఆనవాయితీగా వస్తోంది.

వీరు పాడే సంగీతాన్ని పాలిఫొనీ అంటారు. నాలుగైదు, కొన్నిసార్లు అంతకు మించిన స్వరపంక్తులు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరి, ఏదీ మరొకదానికి పక్కవాద్యంలా లొంగకుండా, అన్నీ సమాన హోదాతో సాగుతూనే ప్రతి క్షణం పరస్పరం పొందిక కుదుర్చుకునే పద్ధతి ఇది. టాలిస్ స్వయంగా నలభై వేర్వేరు గొంతులకు ఒక కృతి రాశాడు. కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి ఇందులో మొదట తోచే లోటు తంబూరా లేకపోవడం. పాట మొదలయ్యే ముందు శ్రుతి అందుకోవడమే తప్ప, ఆ తరువాత ఆధారశ్రుతి వినిపించేది ఏదీ ఉండదు కనుక, గాయకులు ఒకరి గొంతును ఆధారం చేసుకుని మరొకరు నిలబడవలసి వస్తుంది. కొంచెం ఏమరినా బృందం మొత్తం తెలియకుండానే శ్రుతి దిగిపోతుంది. ఈ ప్రమాదాన్ని దాటిన బృందానికి మాత్రం పియానో ఇవ్వలేనిది ఒకటి అందుతుంది. ఏ శ్రుతిలోనైనా వాయించడానికి వీలుగా సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలుగా పంచడం వల్ల, పియానోలోని గాంధారం సహజ గాంధారం కంటే అర్ధస్వరంలో సుమారు ఏడో వంతు ఎక్కువగా ఉంటుంది. వాద్యం లేని గాయకులకు ఆ రాజీ అక్కరలేదు. చక్కగా జీవా పట్టిన తంబూరాను మీటినప్పుడు దానంతట అదే వినిపించే స్వయంభూ గాంధారం ఏ స్థానంలో ఉంటుందో, మంచి ఆంగ్ల బృందం ఒక వాక్యం ముగింపులో నిలిపే గాంధారం కూడా సరిగ్గా ఆ స్థానంలోనే కుదురుకుంటుంది. రెండు సంప్రదాయాల ప్రయాణాలు వేరైనా ఈ ఒక్క చోట చెవి పొందే తృప్తి ఒకటే, తెలుగు శ్రోతకు ఈ సంగీతంలోకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

టాలిస్ స్కాలర్స్ బృందం సాధారణంగా పదిమందితో, అంటే ఒక్కో స్వరపంక్తికి ఇద్దరు చొప్పున పాడుతుంది. ఈ సంఖ్య వెనుక స్పష్టమైన ఆలోచన ఉంది. ఈ సంగీతంలో పంక్తులు చాలా పొడవైనవి, వాటిని ఊపిరి కోసం తెంచితే అల్లిక విరిగిపోతుంది. ఇద్దరున్నప్పుడు ఒకరు ఊపిరి తీసుకునే క్షణంలో మరొకరు స్వరాన్ని నిలుపుతారు, ఆ మార్పిడి శ్రోతకు తెలియదు. ముగ్గురు నలుగురు ఉంటే ఈ సౌకర్యం ఇంకా పెరిగేదే కానీ, పంక్తి అంచులు మొద్దుబారి అల్లికలోని పోగులు విడివిడిగా వినిపించవు. అందుకే ఇద్దరూ తమ గొంతులోని ప్రత్యేకతను కొంత తగ్గించుకుని, వైబ్రాటోను, అంటే ఒకే స్వరం మీద గొంతును క్రమబద్ధంగా కంపింపజేయడాన్ని, దాదాపు వదులుకుని, ఒకే గొంతుగా వినిపించడం నేర్చుకుంటారు. ఆంగ్ల కథీడ్రల్ చర్చిలలో తారస్థాయి పంక్తులను తరతరాలుగా బాలురే పాడుతూ వచ్చారు. ఫిలిప్స్ ఆ స్థానంలో స్త్రీల గొంతులను నిలిపి, బాలుర గొంతులోని తేటదనాన్ని వదలకుండానే పెద్దల ఊపిరినీ నిలకడనూ దానికి జతచేశారు. ఈ బృందం శబ్దంలో వెంటనే గుర్తుపట్టగలిగే గుణం అదే.

ఇంత క్రమశిక్షణ కచేరీల కోసం ప్రత్యేకంగా అలవరచుకున్నది కాదు. ఆంగ్ల చర్చిలలో, కేంబ్రిడ్జ్ ఆక్స్‌ఫర్డ్ కళాశాలల ప్రార్థనా మందిరాలలో ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థనను గాయక బృందం వారంలో చాలా రోజులు పాడుతుంది. ప్రతిరోజూ కృతులు మారుతూ ఉంటాయి, సాధనకు దొరికేది తక్కువ సమయం. అందువల్ల కాగితం మీది స్వరలిపిని చూసిన వెంటనే తప్పులేకుండా పాడడం అక్కడి గాయకులకు చిన్ననాటి నుంచే అలవడుతుంది. ఈ రోజువారీ కొలువు లేకపోతే, లోకమంతా తిరిగే ఆంగ్ల బృందాలకు గాయకులే దొరకరు. కచేరీ వేదిక మీద కనిపించే నైపుణ్యానికి మూలం శ్రోతలు పట్టుమని పదిమంది కూడా ఉండని సాయంకాలపు కొలువులో ఉందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

ఇక కట్టడం సంగతి. ఒక గదిలో శబ్దం ఆగిపోయాక దాని ప్రతిధ్వని శక్తి పది లక్షల వంతుకు తగ్గడానికి పట్టే కాలాన్ని అనురణన కాలం అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ పంతొమ్మిదో శతాబ్దపు చివరి ఏళ్లలో, కుర్చీల మీది మెత్తలను ఒక గది నుంచి మరొక గదికి మోయించి మరీ ప్రయోగాలు చేసి, గది పరిమాణానికీ, లోపలి ఉపరితలాలు శబ్దాన్ని పీల్చుకునే గుణానికీ ఈ కాలంతో ఉన్న సంబంధాన్ని సూత్రీకరించాడు. ప్రసిద్ధ కార్నెగీ హాలు పెద్ద మందిరంలో జనం నిండి ఉన్నప్పుడు ఈ కాలం 2 సెకన్ల లోపే ఉంటుంది. నగరానికి ఉత్తర భాగాన ఉన్న సెయింట్ జాన్ ద డివైన్ కథీడ్రల్‌లో సుమారు 8 సెకన్లు ఉంటుందని చెబుతారు. మొదటిది వయొలిన్ల చురుకైన పలుకులకు తగినది. రెండవదానిలో వేగంగా పాడితే అన్ని పంక్తులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గందరగోళమవుతుంది. పాలిఫొనీకి ఈ రెండింటి నడుమ ఒక తావు కావాలి: ఒక స్వరం తరువాతి స్వరంతో కలిసి కాసేపు నిలవాలి, అంతలోనే దారి ఇచ్చి తప్పుకోవాలి. 1895లో ఉక్కు చట్రం మీద నిర్మితమై, పై కప్పు ఎత్తుగా, గోడలు దగ్గరగా ఉన్న సెయింట్ మేరీ చర్చి ఈ కోరికను చక్కగా తీరుస్తుంది. పర్యటన బృందాలు కచేరీకి ముందు ఖాళీ చర్చిలో చేసే సాధనలో ముఖ్యంగా చేసేది ఈ కట్టడాన్ని పరీక్షించడమే. కానీ రాత్రికి అదే చర్చి ఉన్ని కోట్లు వేసుకున్న జనంతో నిండి శబ్దాన్ని మరింత పీల్చుకుంటుంది కాబట్టి, మధ్యాహ్నం కుదిరిన కాలప్రమాణాన్ని నిర్వాహకుడు సాయంత్రం మళ్లీ చెవితో కొలిచి సరిదిద్దుకోవలసి ఉంటుంది. ఆ సర్దుబాటును గమనించగలిగిన శ్రోతకు సగం కచేరీ అర్థమైనట్టే.

కట్టడం మాట వచ్చినప్పుడు ఐదవ అవెన్యూలోని సెయింట్ థామస్ చర్చి కథ చెప్పకుండా ఉండడం సాధ్యం కాదు. 1913లో పూర్తయిన ఈ గోథిక్ చర్చిలో ప్రసంగం స్పష్టంగా వినబడాలన్న కోరికతో, సబైన్, పెంకుల తయారీదారు గ్వాస్తవీనో ఇద్దరూ కలిసి రూపొందించిన, శబ్దాన్ని పీల్చుకునే రమ్‌ఫర్డ్ పెంకులను కప్పుకు తాపడం చేశారు. యార్క్ మిన్‌స్టర్ కథీడ్రల్‌లో పేరుపొందిన ఆర్గన్ విద్వాంసుడు టెర్షియస్ నోబుల్ ఇంగ్లండును వదిలి ఈ చర్చికి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. బాహ్యంగా చూస్తే యార్క్‌కు చుట్టంలా కనిపించే మందిరంలో, పాట ముగిసీ ముగియకముందే చప్పబడిపోయే శబ్దంతో ఆయన పనిచేయవలసి వచ్చింది. అయినా 1919లో బాలురకు ఆవాస గాయక పాఠశాలను నెలకొల్పి, ఆంగ్ల పద్ధతి దైనందిన గానాన్ని మన్‌హట్టన్‌లో పాతుకునేలా చేశారు. తరువాతి దశాబ్దాలలో ఆ పెంకుల రంధ్రాలను పూతలతో మూయించి, చర్చికి కొంత ప్రతిధ్వనిని తిరిగి తెచ్చారు. 2004లో లండన్ సెయింట్ పాల్స్ కథీడ్రల్ నుంచి జాన్ స్కాట్ సంగీత నిర్వాహకుడిగా వచ్చి 2015లో కన్నుమూసే వరకూ ఇక్కడే పనిచేశారు. ఆయన తరువాత వచ్చిన డేనియల్ హైడ్ 2019లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కళాశాలకు వెళ్లగా, ఆ స్థానంలోకి మరో ఆంగ్లేయుడు జెరెమీ ఫిల్సెల్ వచ్చారు. అంటే ఆంగ్ల గాయకులు ఈ నగరానికి కేవలం అతిథులు కారు. డిసెంబరులో వచ్చే బృందం పాడేది, నూరేళ్లకు పైగా అదే పద్ధతికి చెవి పెట్టిన నగరం ఎదుట.

కట్టడం ప్రశ్న స్వరకర్తల కాలానికీ వర్తిస్తుంది. టాలిస్ శిష్యుడిగా చాలామంది భావించే విలియం బర్డ్, ఎలిజబెత్ రాణి ఆస్థానంలో కొలువు చేస్తూనే, చట్టం నిషేధించిన క్యాథలిక్ మతాన్ని వదలలేదు. 1590ల తొలి సగంలో ఆయన మూడు, నాలుగు, ఐదు గొంతులకు రాసిన మూడు మాస్ ప్రార్థనలు శీర్షిక పుటలు లేకుండా అచ్చయ్యాయి. మాస్ అనేది క్యాథలిక్కుల ప్రధాన ఆరాధన. ఇంగ్లండులో అది బహిరంగంగా జరగడానికి వీలులేదు కనుక, అవి పాడింది చర్చిలలో కాక విశ్వాసుల ఇళ్లలోని గదులలో, కొద్దిమంది మధ్య. అటువంటి సంగీతాన్ని ఇవాళ వందలమంది ఎదుట, ఎత్తైన కప్పు కింద పాడడం సబబేనా అన్న సందేహం న్యాయమైనది. సబబే, కానీ ఒక షరతు మీద: బృందం చిన్నదిగా ఉండి, గొంతు పెంచకుండా పాడాలి. నలభైమంది బృందం పాడే బర్డ్ ఎంత ఘనంగా ఉన్నా, ఆ కృతుల పుట్టుకలోని భయాన్నీ ఆప్తతనూ పోగొడుతుంది.

పెద్ద వాద్యబృందాల రాకపోకలకు వేరే చరిత్ర ఉంది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1912 ఏప్రిల్‌లో ఆర్థర్ నికిష్ నాయకత్వంలో అమెరికా పర్యటనకు వచ్చింది, మొదట టైటానిక్ ఓడలో ప్రయాణం అనుకున్నా చివరికి బాల్టిక్ ఓడలో రావడం వారి అదృష్టం. అప్పటి నుంచి నేటి వరకూ ఆ స్థాయి బృందాలకు ఆదరణకు కొదవ లేదు.

కొదవ ఉన్నది చిన్న బృందాలకే, అదీ ఇటీవల మరింత పెరిగింది. విదేశీ కళాకారులు అమెరికాలో పారితోషికానికి పాడాలంటే ముందుగా వారిని పిలిచే సంస్థ వలస శాఖకు అర్జీ పెట్టుకోవాలి. 2024 ఏప్రిల్ 1న ఈ అర్జీ రుసుమును, బృందాలు ఎక్కువగా వాడే పి తరగతి వీసాకు, పూర్తి రుసుము చెల్లించవలసిన సంస్థలకు 460 డాలర్ల నుంచి 1,015 డాలర్లకు పెంచారు. అర్జీదారు సంస్థ పరిమాణాన్ని బట్టి మరో 600 డాలర్ల వరకూ అదనపు రుసుము ఉంటుంది, లాభాపేక్ష లేని సంస్థలకు మాత్రం దాని నుంచి మినహాయింపు ఉంది. ఒక్క అర్జీలో 25 మందికి మించి పేర్లు ఉండరాదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. వీటికి తోడు, ముందస్తు ఏర్పాటు చేసుకోకపోతే విదేశీ కళాకారుడి మొత్తం పారితోషికంలో 30 శాతాన్ని పన్ను కింద పట్టి ఉంచుతారు. వేల టికెట్లు అమ్ముకునే సంస్థకు ఇది భరించదగిన ఖర్చే. పదిమంది గాయకులను రెండు మూడు చర్చిలలో పాడించదలచిన నిర్వాహకుడికి మాత్రం, అసలు పిలవాలా వద్దా అన్నది తేల్చేది ఇదే. క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధనోత్సవాన్ని జరుపుతున్నవారికీ, అమెరికా నగరాలలో కర్ణాటక కచేరీలు ఏర్పాటు చేసే తెలుగు, తమిళ సంఘాలకూ ఈ అర్జీల బాధ కొత్తది కాదు. పి తరగతిలోనే విశిష్ట సంస్కృతికి చెందిన కళాకారులకు ఉద్దేశించిన విభాగం కింద మన విద్వాంసులు చాలామంది అక్కడికి వెళుతున్నారు. కళాకారుల రాకపోకలకు రుసుములు పెంచడం వల్ల ఖజానాకు చేరేది స్వల్పం, నగరాలు కోల్పోయేది ఎక్కువ. ఈ పెంపును సమర్థించడానికి చూపిన పరిపాలనా వ్యయం వాదన, చిన్న కళాబృందాల విషయంలో నిలవదు.

న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాలలో ఉండే తెలుగువారు ఈ చలికాలంలో సెయింట్ మేరీ చర్చి కచేరీకి టికెట్టు కొనుక్కోవాలి, వీలైతే అంతకు ముందే ఒక సాయంత్రం సెయింట్ థామస్ చర్చిలో గాయక బృందం పాడే ఈవెన్‌సాంగ్‌కు వెళ్లి వెనుక వరుసలో కూర్చుని వినాలి. అక్కడ ఏ మతం వారైనా కూర్చోవచ్చు, ప్రవేశానికి రుసుము లేదు.