డేరా బయట టెక్‌మెస్సా

బ్రయన్ డోరీస్ రాసిన ‘ది థియేటర్ ఆఫ్ వార్’ 2015లో వచ్చింది. ప్రాచీన గ్రీకు విషాద నాటకాలు ఈనాటి మనకి ఏం నేర్పుతాయో చెప్తానంటుంది దాని ఉపశీర్షిక. ఇలా ‘నేర్పే’ పుస్తకాలంటే నాకు కొంచెం భయం. ఇది మాత్రం నాటకాల కంటే ఎక్కువగా ఒక పని గురించి రాసిన పుస్తకం. 2008లో శాన్ డియెగోలో కొన్ని వందల మంది మెరైన్ సైనికులు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు కూర్చున్న హాల్లో నలుగురు నటులు సొఫోక్లిస్ నాటకాల్లోని దృశ్యాలు చదివారు. సెట్లు లేవు, వేషాలు లేవు. చేతుల్లో కాగితాలు, ముందు మైకులు, అంతే. తర్వాత ముప్పావుగంట చర్చ అనుకున్నారు. అది మూడు గంటలు దాటింది. మొదట లేచి మాట్లాడింది సైనికుడు కాదు, ఒక సైనికుడి భార్య.

ఆమె ఎందుకు లేచిందో అర్థం కావాలంటే ‘అజాక్స్’ కథ తెలియాలి. ట్రాయ్ యుద్ధంలో అకిలీస్ చనిపోయాక అతని కవచం, ఆయుధాలు ఎవరికివ్వాలన్న తగువు వస్తుంది. అకిలీస్ తర్వాత అంతటి వీరుడు అజాక్సే. కానీ పెద్దలు వాటిని ఒడిసియస్‌కి ఇస్తారు. తొమ్మిదేళ్ళకు పైగా పోరాడినవాడికి ఇది అన్యాయం కాదు, అవమానం. రాత్రిపూట కత్తి పట్టుకుని నాయకులందర్నీ నరకడానికి బయలుదేరతాడు. ఎథీనా దేవత అతని కళ్ళు కప్పేస్తుంది. మనుషులనుకుని పశువుల మందని నరుకుతాడు, కొన్నిటిని డేరాలోకి ఈడ్చుకొచ్చి మరీ హింసిస్తాడు. తెల్లారాక మత్తు వదులుతుంది. రక్తం మధ్య కూర్చుని ఉంటాడు.

ఇదంతా మనకి చెప్పేది టెక్‌మెస్సా, అజాక్స్‌తో కాపురం చేస్తున్న మనిషి. ఆమె డేరా బయటికి వచ్చి అతని నావికులతో చెప్తుంది: రాత్రి ఏం జరిగిందో, ఎటు వెళ్తున్నావని అడిగితే ఏమని నోరు మూయించాడో, ఎప్పుడూ ఏడవని మనిషి ఎలా ఏడ్చాడో. చెప్పి, మీరు స్నేహితులు కదా, లోపలికి రండి, ఇలాంటివాళ్ళు స్నేహితుల మాటకే కరుగుతారు అని అడుగుతుంది. సొఫోక్లిస్ స్వయంగా సేనాపతిగా పనిచేసినవాడు. నాటకం చూసే ఏథెన్స్ మగవాళ్ళలో చాలామంది యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళే. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు, యుద్ధం నుంచి వచ్చినవాళ్ళ కోసం ఆడుకున్నవే ఈ నాటకాలన్న ఆలోచన డోరీస్‌కి వచ్చింది జొనాథన్ షే అనే సైకియాట్రిస్ట్ దగ్గర్నుంచి. ఆ అప్పు డోరీస్ దాచుకోడు.

నన్నడిగితే ఈ విషయంలో అసలు పుస్తకం షేదే. ‘అకిలీస్ ఇన్ వియత్నాం’, 1994. బోస్టన్‌లో మాజీ సైనికుల క్లినిక్‌లో ఏళ్ళ తరబడి వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ళ మాటలు విన్న డాక్టరు, ఆ మాటల పక్కన ‘ఇలియడ్’ పెట్టుకుని చదివాడు. భయం ఒక్కటే మనిషిని విరిచెయ్యదని అతని వాదన. పై అధికారి, పణంగా ప్రాణాలున్న చోట, ‘ఇది న్యాయం’ అని అందరూ నమ్మినదాన్ని తొక్కేస్తే విరుగుతాడు. ఇలియడ్ మొదలయ్యేదే అలాంటి ద్రోహంతో కదా, అగమెమ్నాన్ అకిలీస్‌కి దక్కినదాన్ని లాక్కోవడంతో. దీనికి షే వాడిన పేరు నైతిక గాయం. తర్వాత ఇతర పరిశోధకులు ఆ పేరుని సైనికుడు తాను చేసిన పనికి తానే కుమిలిపోవడం అనే అర్థంలోకి తిప్పారు. తేడా చిన్నదేం కాదు. షే అర్థంలో వేలు పైవాడి వైపు చూపిస్తుంది, కొత్త అర్థంలో సైనికుడి గుండె వైపు తిరుగుతుంది. రెండూ నిజమే కావచ్చు, కానీ సంస్థలకి ఏది సౌకర్యమో ఊహించడం కష్టం కాదు.

షే పుస్తకంలో నన్ను బాగా పట్టుకున్నది ఒక పరిపాలన వివరం. వియత్నాంలో అమెరికా సైనికుల్ని ఒక్కొక్కర్నీ విడిగా పంపింది, ఒక్కొక్కర్నీ విడిగా వెనక్కి పిలిచింది. సైన్యంలో వాళ్ళకి పన్నెండు నెలలు, మెరైన్లకి పదమూడు. ఎవడి తేదీ వాడిది. ముక్కూమొహం తెలియని దళంలోకి ఒంటరిగా వచ్చి, స్నేహితులయ్యాక వాళ్ళని అక్కడే వదిలేసి ఒంటరిగా విమానమెక్కి, ఒకట్రెండు రోజుల్లో ఇంటి ముందు దిగడం. రెండో ప్రపంచ యుద్ధం వాళ్ళు ఓడల్లో వారాల తరబడి కలిసి వచ్చారు, ఆ వారాల్లో మాట్లాడుకున్నారు. మనుషుల్ని ఒకరి బదులు ఒకరిని అమర్చొచ్చు అనే డిజైన్ ఇది. మా ఫీల్డ్‌లో మనిషిని ‘రిసోర్స్’ అంటాం, మంగళవారం ఒక రిసోర్స్ రిలీజ్ అయితే బుధవారం ఇంకో రిసోర్స్ వస్తుంది. మా దగ్గర దానివల్ల పోయేది మహా అయితే ఒక రిలీజ్ డేటు.

దీనికి విరుగుడుగా షే చెప్పేది గాయాన్ని నలుగురిదీ చేయడం. చెప్పుకునేవాడు భయం లేకుండా చెప్పుకోగలగాలి, వినేవాడు తట్టుకుని వినాలి, విన్నదాన్ని వక్రీకరించకుండా మిగతా ఊరికి చేరవేయగలగాలి. ఇది డాక్టర్లు కనిపెట్టింది కాదు. 1970 చివర్లో న్యూయార్క్‌లో, యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న వియత్నాం మాజీ సైనికులు తమలో తామే గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాటిని ర్యాప్ గ్రూపులన్నారు (పాట కాదు, ఆ రోజుల్లో ఆ మాటకి కబుర్లని అర్థం). హిరోషిమా బాధితుల మీద పనిచేసిన రాబర్ట్ జే లిఫ్టన్, ఖాయిమ్ షాటన్ అనే మానసిక వైద్యులు వాళ్ళు పిలిస్తే వెళ్ళారు. పెద్దపీట వేసుక్కూర్చోవడానికి కాదు, పక్కన కూర్చోవడానికి. 1980లో అమెరికన్ సైకియాట్రీ తన రోగాల జాబితాలో పీటీఎస్‌డీని చేర్చడం వెనక ఆ గదుల్లోని మాటలున్నాయి.

ప్రభుత్వం కదిలింది 1979లో. వెట్ సెంటర్లు అనేవి ఆ ఏడాది చట్టంతో పుట్టాయి. అప్పుడు మాజీ సైనికుల శాఖ అధిపతి మాక్స్ క్లీలండ్. వియత్నాంలో రెండు కాళ్ళూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న మనిషి. ఆ సెంటర్ల విశేషమంతా అవి ఎక్కడున్నాయన్న దాంట్లో ఉంది. ఆసుపత్రి ఆవరణలో కాకుండా బజార్లో, మామూలు దుకాణాల వరసలో పెట్టారు, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రి గేటు చూస్తేనే వెనక్కి తిరిగిపోయేవాళ్ళ కోసం అవి. కౌన్సెలర్లలో చాలామంది తామూ యుద్ధం చూసినవాళ్ళే. అక్కడ రాసుకున్న రికార్డులు ఆసుపత్రి రికార్డులతో కలపరు, అతని అనుమతి లేకుండా బయటికివ్వరు. డబ్బు తీసుకోరు. మొదట వియత్నాం కాలంవాళ్ళకే, 1991 తర్వాత మిగతా యుద్ధాలవాళ్ళకీ తలుపులు తెరిచారు. ఇప్పుడు దేశమంతటా దాదాపు 300 ఉన్నాయి. భార్యాభర్తలు కలిసి వెళ్ళొచ్చు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు. డ్యూటీలో చనిపోయినవాళ్ళ కుటుంబాలు దుఃఖం చెప్పుకోడానికి కూడా చోటుంది.

అంటే ‘లోపలికి రండి’ అని టెక్‌మెస్సా అడిగినదానికి ఒక దుకాణం, ఒక బోర్డు, జీతమిచ్చే ఉద్యోగం ఏర్పడ్డాయన్నమాట. డోరీస్ పుస్తకంలో నాకు తక్కువనిపించింది ఇక్కడే. హాల్లో మూడు గంటల చర్చని అతను అద్భుతంగా రాస్తాడు. ఇంటికెళ్ళాక మంగళవారం సాయంత్రం ఏమవుతుందో అంతగా రాయడు. నాటకం నోరు తెరిపిస్తుంది, నిజమే. తెరుచుకున్న నోరు వినడానికి వారం వారం ఒక కుర్చీలో కూర్చునే మనిషి కావాలి, ఆ మనిషి మీద పుస్తకం రాయడం కష్టం, ఎందుకంటే అక్కడ చప్పట్లుండవు.

ఆ మాటకొస్తే నాటకమే డోరీస్ కంటే కఠినంగా ఉంది. స్నేహితులు వస్తారు. అజాక్స్ ఒక పెద్ద ప్రసంగం చేస్తాడు, కాలం అన్నిటినీ మారుస్తుంది, నేనూ మెత్తబడ్డాను, సముద్రం ఒడ్డుకెళ్ళి కత్తిని పాతిపెట్టొస్తాను అన్నట్టుగా. కోరస్ ఎగిరి గంతేస్తుంది. ఆ కత్తి మీదే అతను పడి చనిపోతాడు. ఒక్కసారిగా కుదుటపడినట్టు కనిపించిన మనిషిని చూసి నిశ్చింతగా ఉండకూడదని ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఇంకో వివరం ఉంది. జ్యోతిష్కుడు కాల్కస్ ముందే కబురు పంపుతాడు, ఈ ఒక్క రోజు అతన్ని డేరా దాటనివ్వకండి, రేపటికి గండం గడుస్తుందని. కబురు ఆలస్యంగా చేరుతుంది. ఒక్క రోజు! 2007లో మాజీ సైనికుల కోసం పెట్టిన ఫోన్ లైనూ, ఆ శాఖ తుపాకులకి ఉచితంగా పంచే తాళాలూ పనిచేసేది ఈ లెక్క మీదే. ఆ గంట, ఆ పూట దాటించగలిగితే చాలాసార్లు మనిషి మిగులుతాడు.

ఇక నా అసలు పేచీ. శాన్ డియెగోలో ఆ భార్య టెక్‌మెస్సాలో తనని చూసుకుంది, చూసుకునే హక్కు ఆమెకుంది. కానీ టెక్‌మెస్సా ఎవరు? ఫ్రిజియా దేశపు పిల్ల. ఆమె ఊరిని నాశనం చేసింది అజాక్సే. యుద్ధంలో దొరికిన బందీ ఆమె. నువ్వు పోతే నన్నూ నీ కొడుకునీ బానిసలుగా లాక్కుపోతారని ఆమె బతిమాలుతోందంటే, అది ఒకసారి జరిగినదాని గురించే. సైనికుడి కుటుంబమూ, సైనికుడి చేతిలో నాశనమైన ఊరూ, రెండూ ఆమే. డోరీస్ ప్రదర్శనల్లో మొదటి సగం వినిపించినంతగా రెండో సగం వినపడదు. షే నయం. శత్రువుని పురుగులా చూడటం నేర్పిన సైన్యం తన సైనికుణ్ణే దెబ్బతీస్తుందని, హోమర్ ట్రోజన్లని ఎక్కడా చులకన చెయ్యలేదని ఒక అధ్యాయమే రాశాడు. అయినా ఆ పుస్తకంలోనూ వియత్నాం మనుషులు మాట్లాడరు. వాళ్ళ వైపు సైనికుడైన బావో నిన్ నవల ‘ది సారో ఆఫ్ వార్’ని పక్కన పెట్టుకుని చదివితే ఆ ఖాళీ ఎంతుందో తెలుస్తుంది.

ఇదంతా చదువుతున్నంతసేపూ నాకు సౌప్తిక పర్వం గుర్తొస్తూనే ఉంది. తిక్కన భారతం చదివిన ఎవరికైనా గుర్తొస్తుంది. అశ్వత్థామ కూడా రాత్రిపూటే వెళ్తాడు, తండ్రిని అన్యాయంగా చంపారన్న మంటతో. అతని కళ్ళు కప్పే దేవత లేదు, నిద్రపోతున్న మనుషుల్నే చంపుతాడు. తర్వాత శాపం: మూడు వేల ఏళ్ళు, నెత్తురూ చీమూ వాసనతో, తోడు లేకుండా తిరగమని. సొఫోక్లిస్ ఇంకో నాటకం ‘ఫిలోక్టెటిస్’లో కూడా ఒక సైనికుడి పుండు కంపు కొడుతుంది, అతన్ని సొంత సైన్యమే ఓ దీవిలో వదిలేసి పోతుంది. పదేళ్ళ తర్వాత అతని విల్లు అవసరమై వెతుక్కుంటూ వస్తారు. స్వార్థంతోనే వస్తారు, అయినా వస్తారు, వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు అతని అరుపు విని మోసం చెయ్యలేకపోతాడు. అశ్వత్థామ కోసం ఎవరూ వెళ్ళరు. మనకి స్త్రీ పర్వం ఉంది, గాంధారి ఒక్కో శవాన్నీ చూపించి ఏడ్చే ఆ భాగం టెక్‌మెస్సాకి ఏమాత్రం తీసిపోదు. శాంతి పర్వం కూడా ఉంది, కానీ అక్కడ భీష్ముడంతటివాడు మాట్లాడేది ధర్మరాజుతో. రాజుకి అంత కౌన్సెలింగ్ దొరికింది, రథం తోలినవాడికి ఏం దొరికిందో వ్యాసుడూ చెప్పలేదు, తిక్కనా చెప్పలేదు.

తెలుగులో ‘మిలట్రీ ఆయన’ అనగానే మనకి తట్టేది క్యాంటీన్ రమ్మూ, పొద్దున్నే నడకా, కాస్త గట్టి గొంతూ. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళారు, ఆ ఊరినే మిలటరీ మాధవరం అంటారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి, 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉంది. పెన్షన్‌కీ, మోకాళ్ళకీ, పిల్లల సీట్లకీ వెళ్ళే చోట్లు అవి. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ కూడా సైన్యంలో చేసినవాడే. రాత్రి షిఫ్టే కావాలని అడిగి వేయించుకున్నాడని మిగతావాళ్ళు చెప్తారు. ఎందుకో ఎవరూ అడిగినట్టు లేదు.

డోరీస్ పుస్తకంలో చివరి భాగాలు జైళ్ళలో ‘ప్రొమీథియస్’, మరణశయ్య మీదున్నవాళ్ళ సంరక్షకుల మధ్య ‘విమెన్ ఆఫ్ ట్రేకిస్’ చదవడం గురించి. అవి బాగానే ఉన్నాయి కానీ మొదటి భాగాల బిగువు లేదు, కొన్ని చోట్ల ప్రాజెక్ట్ రిపోర్ట్ చదువుతున్నట్టుంది. అతను చేసిన అనువాదాలు నాలుగూ అదే ఏడాది ‘ఆల్ దట్ యూ హ్యావ్ సీన్ హియర్ ఈజ్ గాడ్’ పేరుతో విడిగా వచ్చాయి. ముందు అందులో ‘అజాక్స్’ చదవండి, గంటన్నర పట్టదు. తర్వాత షే, ఆ తర్వాత ఓపికుంటే డోరీస్. శవం దొరికినప్పుడు టెక్‌మెస్సా ఎవరూ చూడకుండా బట్ట కప్పే చోట మాత్రం నెమ్మదిగా చదవండి, ఆ పని చేయడానికి నావికులు ఎవరూ ముందుకు రారు.