రైలుబడిలో అమ్మ

'రైలుబడి' చదివినవాళ్లు ఎవరిని కదిలించినా హెడ్మాస్టరు కొబయాషి గురించే చెబుతారు. నేనూ అంతే. చేబ్రోలులో పాఠాలు చెప్పిన రోజుల్లో ఆ పుస్తకం పిల్లలకి చదివి వినిపించాను. ఒక చిన్నపిల్ల కబుర్లు నాలుగు గంటలు విన్న మనిషని తెగ మెచ్చుకున్నాను. ఆ క్లాసులోనే, గోరుతో బెంచీని అదే పనిగా గీరే పిల్లని వరండాలో నిలబెట్టిందీ నేనే.

తెత్సుకో కురొయనాగి జ్ఞాపకాలు జపానులో 1981లో పుస్తకంగా వచ్చాయి. టొట్టోచాన్‌ని మొదటి బడి ఎందుకు వెళ్లగొట్టింది? డెస్కు మూత తెరిచి మూస్తోందని, కిటికీలోంచి వీధి వాద్యగాళ్లని పిలుస్తోందని. ఈ ఫిర్యాదంతా విన్నది అమ్మ. కూతురికి ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఆ సంగతి చెప్పకుండా, ఇంకో బడి వెతికిందీ అమ్మే. ఆమెని మనం రెండు పేజీల్లో దాటేస్తాం.

తొమోయె బడిలో అంతా స్వేచ్ఛే అంటారు. నాకక్కడ స్వేచ్ఛ కన్నా ముందుచూపు ఎక్కువ కనిపిస్తుంది. ఆ రోజు చేయాల్సినవన్నీ పొద్దున్నే బోర్డు మీద రాసేస్తారు. దేంతో మొదలుపెట్టాలో పిల్లల ఇష్టం. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి రోజు ఎలా నడుస్తుందో ముందే కళ్లకి కనబడాలని ఇవాళ చెబుతున్నది దీనికి దగ్గరగానే ఉంది. ఎత్తు పెరగని తకహాషి మీద జాలిపడలేదు, అతను గెలవగలిగేలా ఆటల పోటీలనే మార్చారు. "నీకు తోకుందా" అని అతన్ని అడిగిన టీచర్ని హెడ్మాస్టరు మందలించింది వంటింట్లో, మిగతా టీచర్లెవరూ లేనప్పుడు. (పిల్లలందరి ముందూ మందలించడమే క్రమశిక్షణ అనుకునేదాన్ని నేను.)

అయితే ఆ బడి మొత్తం మీద ఉన్నది యాభైమంది. నా ఒక్క క్లాసులోనే అంతకన్నా ఎక్కువ. టొట్టోచాన్ నాన్న వయొలిన్ కళాకారుడు. కూలికి పోయే తల్లి ఇంకో బడి ఎక్కడ వెతుకుతుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్నీ, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందుల్నీ చేర్చింది. భవిత కేంద్రాలూ ఉన్నాయి. సర్టిఫికెట్టు కోసం తిరిగే కాళ్లు మాత్రం ఎక్కువగా తల్లివే, పోయే కూలీ ఆమెదే.

నేను కబురు పెడితే ఆ పిల్ల తల్లి కూలి మానుకుని వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేను చెప్పిందంతా విని, "బెంచీకి ఎంత కట్టాలి టీచరమ్మగారూ?" అని అడిగింది.