రేల పాటకు ఐదు నిమిషాలు చాలవు

వేసవిలో మన ప్రాంతంలో రెండు రకాల పాటల పండుగలు జరుగుతున్నాయి. ఒకటి మనం చేసుకునే భూమి పండుగ. తొలకరికి ముందు విత్తనాలను వేల్పుల దగ్గర పెట్టి ఊరంతా కలిసి చేస్తాం. కోయలో విజ్జ పండుం అంటాం. రెండోది మనల్ని పిలిచి ఇతరులు జరిపేది. మైదానం, వేదిక, మైకులు, ముఖ్య అతిథులు ఉంటారు. ఈ ఏడు మేం నలుగురు ఉపాధ్యాయులం వారం తేడాతో రెండూ చూశాం. రెండు చోట్లా పాట ఎలా నిలబడిందో చెప్పడానికే ఈ వ్యాసం.

పట్టణంలో జానపద కళల పండుగ ఉదయం పది గంటలకు అన్నారు. కొమ్ము ఆట బృందం చీకటితోనే ఊళ్లో బయలుదేరింది. అతిథులు వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అంతసేపూ మగవాళ్లు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ కట్టిన తలపాగాలతో ఎండలోనే ఉన్నారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి దించడానికి లేదు. చివరికి పిలిచింది అతిథులను గేటు నుంచి వేదిక దాకా నడిపించడానికి. ఆ తర్వాత వేదిక మీద ఐదు నిమిషాలు ఇచ్చారు.

ఆ ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో చూద్దాం. రేల ఆట గుండ్రంగా తిరిగేది. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని అడుగు కలుపుతారు. పక్కవారి అడుగు ఒంటికి తెలుస్తుంది కనుకే ఆట తప్పదు. వేదిక మీద ఆ గుండ్రాన్ని తెంచి, కెమెరాల వైపు ముఖం పెట్టి వరసలో నిలబెట్టారు. పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకోవాలి. మైకు ఎత్తుకునే అక్క ముందే పెట్టారు. అందుకునే గొంతులు మైదానానికి వినబడలేదు. అంటే సగం పాటే వినబడింది. డోలు ఇంకా వేడెక్కుతుండగానే గంట కొట్టారు. పాట దేని గురించో ఎవరూ చెప్పలేదు. 'గిరిజన సోదరీమణుల చక్కటి నృత్యం' అన్నారు, అంతే.

అందరికీ అలాగే జరిగిందని అనలేం. అదే వేదిక మీద ఒగ్గు కళాకారులు అరగంట తీసుకున్నారు. కథ నడిచింది, జనం కదలకుండా విన్నారు. కాబట్టి తప్పు మైకుదో వేదికదో మాత్రమే కాదు. వాళ్లది కథ అని నిర్వాహకులకు తెలుసు, అందుకే సమయం ఇచ్చారు. మన ఆటలోనూ కథ ఉంటుందని వాళ్లకు తెలియదు. తెలియజెప్పే పని మనమూ చేయలేదు.

కథ లేదనుకునేవారు సకిని రామచంద్రయ్యను గుర్తు చేసుకోవాలి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఈ డోలి కళాకారుడు సమ్మక్క సారలమ్మల చరిత్రనూ మన గట్ల కథలనూ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. కాగితం మీద లేని చరిత్ర ఆయన గొంతులో ఉండేది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పడిగె పట్టుకుని ఒక గట్టు కథ మొదలుపెడితే రాత్రి గడిచిపోయే సంప్రదాయం అది. దాన్ని ఐదు నిమిషాలకు ఎలా కుదిస్తాం?

రేల అనే మాట మాత్రం చాలా దూరం పోయింది. తెలుగు సభల్లో పాడతారు, టీవీలో జానపద పాటల పోటీకి 'రేలా రే రేలా' అని పేరు కూడా పెట్టారు. సంతోషమే. కానీ వంత పోయినంత దూరం భాష పోలేదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల పైచిలుకు. వాళ్ల పిల్లలకు రేల పాట ఇప్పుడు తెలుగు మాటలతో ఫోన్లో వస్తోంది.

ఇక భూమి పండుగ. ఆ ఊరికి చింతూరు వైపు చుట్టాలు కూడా వచ్చారు. 2014 నుంచి వాళ్లది ఆంధ్రప్రదేశ్, మాది తెలంగాణ. పాట అందుకోవడానికి అది అడ్డం రాలేదు. మగవాళ్లు వేటకు పోయారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ల పాటల్లో వాళ్ల పని అయిపోయినట్టే. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చే బండినల్లా ఆపి, పాట పాడి, డబ్బులు తీసుకుని వదులుతున్నారు. బస్సు డ్రైవరు మీద ఒక పాట, సిమెంటు లారీ మీద ఒక పాట అప్పటికప్పుడే కట్టారు.

మా బండ్లనూ ఆపారు. పంతుళ్లమని తెలిసి ఒక పెద్దమ్మ ఎత్తుకుంది. ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో పిల్లలు కోయ మాట్లాడితే కసిరే సార్లు వచ్చారని దాని అర్థం. అందరూ నవ్వారు. మేమూ నవ్వి తలా వంద ఇచ్చాం. కానీ ఆ రాత్రి ఆట చూస్తూ కూర్చున్నా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అబద్ధమైతే మరిచిపోయేవాళ్లం. మా బడి వార్షికోత్సవంలో గిరిజన నృత్యం అని పిల్లల చేత ఆడించేది పెన్‌డ్రైవ్‌లో ఉన్న తెలుగు పాటకే. వరసలో నిలబెట్టేదీ మేమే. ఐదు నిమిషాలకు గంట కొట్టేదీ మేమే. పట్టణం వాళ్లను తప్పుపట్టే ముందు ఇది ఒప్పుకోవాలి.

అందుకని యువకులకు, తోటి ఉపాధ్యాయులకు మా మాట ఇది. పిలుపు వచ్చినప్పుడు అరగంట అడుగుదాం. వేదిక వద్దు, కింద నేల ఇవ్వమందాం. అందుకునేవారికీ మైకు పెట్టమందాం. పాట అర్థం చెప్పడానికి మన పిల్లనో పిల్లవాడినో నిలబెడదాం. అతిథుల ముందు నడవడం మన ఆట కాదని మర్యాదగా చెబుదాం. ఇవ్వకపోతే వెళ్లకపోయినా పరవాలేదు.

ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవానికి మా బడిలో పెన్‌డ్రైవ్ పెట్టడం లేదు. ఆట స్థలంలో గుండ్రంగా ఆడతాం, పిల్లలు వరస చివర్న చేరతారు. రోడ్డు మీద మమ్మల్ని ఆపిన ఆడవాళ్లను రమ్మన్నాం. మా మీద కట్టిన పాటతోనే మొదలుపెట్టమని పెద్దమ్మను అడిగాం. 'తలా వంద ఇస్తే పాడతా' అంది.