గెలవకపోయినా మనోడే

పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల చేత చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం రాయించబోతే ముందు వచ్చేది కథ కాదు, ఉపన్యాసం. ‘అందరూ సమానమే’, ‘ఎవరినీ ఎగతాళి చేయరాదు’ అని చివరి పేజీలో పెద్దక్షరాలు రాసి, కింద చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల వరస గీస్తారు. వాళ్ళను ఏమనగలం? పొద్దున ప్రార్థనలో రోజూ వినేది ఆ భాషే, వ్యాసరచన పోటీలో బహుమతి తెచ్చిపెట్టేదీ ఆ భాషే. మహబూబాబాద్ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో శనివారాలు తొమ్మిదో తరగతి పిల్లలతో నేను ఈ పని చేయిస్తున్నాను. పక్క ఆవరణలోని ఒకటి, రెండు తరగతుల పసివాళ్ళే మా పాఠకులు. మనలా మాట్లాడని, మనలా నడవని, మన ఇంట్లో వండేది వండుకోని పిల్లవాడు పక్క బెంచీలో కూర్చుంటే ఏమవుతుందన్నది మా పుస్తకాల విషయం.

పుస్తకం కట్టడం తేలిక. ఏ4 కాగితాలు నాలుగు తీసుకుని నడిమికి మడిస్తే 16 పేజీలు. అట్టకు చార్టు ముక్క. మడత మీద సూదితో మూడు బెజ్జాలు పొడిచి దారం లాగితే డమ్మీ తయారు. అచ్చులో వచ్చే బొమ్మల పుస్తకాలకు ఎక్కువగా 32 పేజీలుంటాయి. పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే పేజీలు 16 చొప్పున ఫారాలుగా వస్తాయి కనుక ఆ లెక్క. మేము సగంతో సరిపెట్టుకుంటాం. పేజీకి పది మాటలు దాటకూడదు. బొమ్మలో కనిపించేది మళ్ళీ మాటల్లో చెప్పకూడదు. కుడిచేతి పేజీ దగ్గరకు వచ్చేసరికి తర్వాతేమైందో అన్న ఆత్రం పుట్టాలి, అప్పుడే చిన్న చెయ్యి కాగితం తిప్పుతుంది. ఈ మూడు కట్టుబాట్లు పెడితే ఉపన్యాసానికి చోటు దానంతటదే తగ్గిపోతుంది.

తగ్గినా పూర్తిగా పోదు. అది కథ లోపలికి దూరి ఇంకో వేషం కడుతుంది. నాకు పేచీ అక్కడే.

ఒక అమ్మాయి నత్తి ఉన్న పిల్లవాడి కథ తెచ్చింది. వాడు ‘క’ దగ్గర ఆగిపోతాడు. తోటివాళ్ళు వాడిలాగే మాట్లాడి నవ్వుతారు. బడిలో కబడ్డీ పోటీ వస్తుంది. ఎవరూ జట్టులోకి తీసుకోరు. ఆఖరి నిమిషంలో ఒకడికి కాలు బెణికితే వీణ్ణి దింపుతారు. వీడు గుక్క తిప్పుకోకుండా కూత పెట్టి నలుగురిని అవుట్ చేసి వస్తాడు. అందరూ భుజాల మీద ఎత్తుకుంటారు. బొమ్మలు బాగున్నాయి, తరగతంతా చప్పట్లు కొట్టింది. లయతో పలికేటప్పుడు చాలామందికి నత్తి తగ్గుతుంది కాబట్టి జరగనిదీ కాదు. అయినా ఒకటే అడిగాను: “వాడు దొరికిపోతే? అప్పుడు జట్టులో ఉంచుకుంటారా?” ఆ అమ్మాయి డమ్మీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇది ఆ ఒక్క పిల్ల అలవాటు కాదు. మనందరం పెరిగిన కథలే అలాంటివి. ఎనిమిది వంకరల అష్టావక్రుడు జనకుడి కొలువుకు వెళ్ళి, ఆస్థాన పండితుడు వందిని వాదంలో ఓడించి మన్నన పొందాడని భారతం చెబుతుంది. ఆయనకు శాస్త్రం వచ్చు కనుక సరిపోయింది. రాకపోతే ఎలా? ఏ శాస్త్రమూ రాని వంకర కాళ్ళ పిల్లవాడికి ఆ కొలువులో పీట వేసేవారా? వేరుగా ఉన్నవాడు ఊరిని కాపాడాలి, పరుగుపందెంలో గెలవాలి, లెక్కల్లో మొదట రావాలి, అప్పుడు కలుపుకుంటాం అని చెప్పే పుస్తకం పిల్లలకు నేర్పేది షరతు. ఒకటో తరగతి పిల్ల ఆ షరతును పెద్దవాళ్ళకన్నా త్వరగా పట్టేస్తుంది. తనకు ఏ గొప్ప పనీ చేతకాదని ఆమెకు తెలుసు.

రెండు వారాలకు ఆ అమ్మాయి కొత్త డమ్మీ తెచ్చింది. ఇప్పుడు పోటీ లేదు, సాయంత్రం ఆట. జూన్ నెల, బడి వెనక నేరేడు చెట్టు. పిల్లవాడు కూతకు వెళతాడు, మధ్యలో ‘క’ దగ్గర ఆగిపోతాడు, దొరికిపోతాడు. గీత బయటకు వచ్చి కూర్చుంటాడు. అక్కడ అప్పటికే అవుటైన ఇద్దరు పండ్లు ఏరుకుని తింటున్నారు. ఒకడు జరిగి చోటిస్తాడు. తర్వాతి పేజీలో మరొకడు అవుటై వస్తాడు, ఆ తర్వాత ఇంకొందరు. చివరి రెండు పేజీల్లో ఒక్క మాట లేదు. చెట్టు కింద ఆరుగురు పిల్లలు నాలుకలు బయటపెట్టి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఆరు నాలుకలూ ఊదారంగే. ఆ బొమ్మలో మన పిల్లవాడు ఎవరో వెతుక్కోవాలి. ఇంత మంచి ముగింపు నేను చెప్పి రాయించగలిగేది కాదు.

కావాలనే పెద్ద రచయితలను కాక ఈ వయసు పిల్లలను పట్టుకున్నాను. గొంతు మారుతున్నవాడికి, మొహాన మొటిమలు లేచినదానికి, తాను నలుగురిలో ఒకరిలా లేనన్న బాధ ఈ క్షణం జరుగుతున్న సంగతి. రెండో తరగతిలో తమకు పెట్టిన పేర్లు వాళ్ళకింకా గుర్తే, పెట్టినవాళ్ళూ గుర్తే.

షరతు పెట్టని పుస్తకాలు అచ్చులోనూ లేకపోలేదు. అమెరికాలో ఎజ్రా జాక్ కీట్స్ అనే చిత్రకారుడు 1940లో లైఫ్ పత్రికలో ఒక నల్లజాతి పసివాడి ఫోటోలు చూసి కత్తిరించి దాచుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటాక, 1962లో, ఆ పిల్లవాడే ‘ది స్నోయీ డే’లో పీటర్ అయ్యాడు. ఎర్రకోటు వేసుకుని మంచులో అడుగుల గుర్తులు వేస్తాడు, మంచుముద్దను జేబులో పెట్టుకుని ఇంటికి తెస్తాడు, అది కరిగిపోతుంది. కథ అంతే. వాడి రంగు గురించి పుస్తకంలో ఒక్క మాట లేదు. మరుసటి ఏడు దానికి, బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. అప్పట్లో అలాంటి పుస్తకం ఎంత అరుదో 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ లెక్క తేల్చింది: మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో 349లోనే ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించారు. మన దగ్గర హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ వరసలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారి కథలను బొమ్మలతో తెచ్చింది. దళితవాడ పిల్లలు, ముస్లిం ఇంటి వంటగది, అక్కడి తలకాయ కూర, అన్నీ ఉన్న చోటే ఉంటూ కథ నడిపిస్తాయి. అలాంటి పుస్తకాలు ప్రతి బడి బీరువాలో ఉండాలి. నేను తిరిగిన బళ్ళలో లేవు.

బొమ్మల దగ్గర ఇంకో చిక్కు. ఈ కాలపు పిల్లలకు గీయడం బాగా వచ్చు, కానీ అందరూ జపాన్ కార్టూన్ మొహాలే గీస్తారు. పెద్ద కళ్ళు, కోసు గడ్డం, నుదుటి మీద పడే జుట్టు. పది మందిని గీస్తే పది మందీ అక్కచెల్లెళ్ళలా ఉంటారు. మొహానికి వేసే పెన్సిలు కూడా ఒకటే, ఆ లేత గులాబీ. అందుకే ఒక శనివారం కథలు పక్కనపెట్టి ఎదుటివాళ్ళ చెయ్యి పక్కన కాగితం పెట్టి రంగు కలపమన్నాను. కాఫీరంగులో పసుపు, కొంచెం ఎరుపు, ఒక్కొక్కరికి ఒక్కో పాలు. ఆ రోజు గది చాలాసేపు కబుర్లతో నిండిపోయింది, పని మాత్రం ఆగలేదు.

పుస్తకం నిలుస్తుందో లేదో పసివాళ్ళ ముందు తేలిపోతుంది. తండా నుంచి వచ్చే ఒక అబ్బాయి తన కథలో అమ్మ మాట్లాడే మాటలు లంబాడీల భాష గోర్‌బోలిలోనే పెట్టాడు. దానికి లిపి లేదు కనుక తెలుగు అక్షరాల్లో రాశాడు. చదివేటప్పుడు ‘యాడి’ (అమ్మ) అనగానే ముందు వరసలో ముగ్గురు పిల్లలు మోకాళ్ళ మీద లేచి కూర్చున్నారు. మిగిలినవాళ్ళు అదేమిటని వాళ్ళనే అడిగారు. ఆ కాసేపు తరగతికి వాళ్ళే మేస్టర్లు. ఇంకో పుస్తకంలో మూడు చక్రాల సైకిలు మీద బడికి వచ్చే పిల్ల ఉంది. రాసిన అమ్మాయి ఆ పిల్ల కళ్ళల్లో రెండు కన్నీటి చుక్కలు గీసింది. ఒకటో తరగతి బుడ్డోడు వాటిని పట్టించుకోకుండా, “అక్కా, వానొస్తే గా బండి బురదల దిగవడదా?” అని అడిగాడు. అక్కకు జవాబు తెలియదు. వాళ్ళ వాడలో అలాంటి బండి ఉన్న ఒకాయన్ని అడిగి వచ్చింది. ఆయన చక్రాల కింద గోనెసంచి పరుస్తాడట. ఇప్పుడు ఆ పిల్ల బండికి వెనక గోనెసంచి చుట్ట వేలాడుతోంది, కన్నీళ్ళు పోయాయి.

ఈ వారం ఒక అబ్బాయి వినపడని చెల్లెలి కథ తెచ్చాడు. పద్నాలుగో పేజీలో సర్పంచ్ ఆమెకు శాలువా కప్పుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి, “శాలువా తీసెయ్యరా” అని వినిపించింది. “మరి ఆఖరికి ఏం కావాలె?” అన్నాడు వాడు కోపంగా. అన్నాచెల్లెళ్ళు టీవీ రిమోట్ కోసం కొట్టుకోవాలని ఎవరో అన్నారు. అది అందరికీ నచ్చింది. రిమోట్ ఎవరికి దక్కాలన్న దగ్గర తరగతి రెండుగా చీలిపోయింది. గంట కొట్టినా వాదన తెగలేదు.