అచ్చుకు పోవు అక్షరము: రూపమా, పాఠమా?

లింగాల ఘనపూర్ వంటి మండల కేంద్రమునందలి ఒక పాఠశాల వార్షిక సంచికను వెలువరింపదలచినదనుకొందము. కూర్పు ఊరిలోనే కంప్యూటరుపై జరుగును. అచ్చు జనగామలోనో, వరంగల్లులోనో. ఈ రెంటి నడుమ ప్రయాణము చేయునది పి.డి.ఎఫ్. ఫైలు. 1993లో అడోబి సంస్థ వెలువరించిన ఈ పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. పుట ఎచట తెరచినను ఒకే తీరున కనబడవలెననుట దీని లక్ష్యము. తెలుగు విషయమున ఈ లక్ష్యము నెరవేరుచున్నదా?

ఫాంటనగా అక్షరరూపముల పెట్టె. సీసపు అక్షరముల కాలమున కంపోజిటరు ముందుండిన అరల పెట్టె వంటిదే ఇదియును. ఫైలులో ఫాంటును పొదుగనిచో ప్రెస్సులోని కంప్యూటరు తన వద్దనున్న మరొక ఫాంటును వాడును. అప్పుడు ఒత్తులు చోటు తప్పును. ఖాళీ డబ్బాలో, ఇంగ్లీషు అక్షరములో వరుసకట్టును. అందుచేతనే 2001 నాటి పి.డి.ఎఫ్./ఎక్స్-1ఏ అను ముద్రణ ప్రమాణము వాడిన ప్రతి ఫాంటును ఫైలులో పొదుగవలెనని విధించినది.

ఈ చిక్కునకు వెరచి కొందరు అక్షరములనన్నిటిని గీతలుగా మార్చి పంపుదురు. అచ్చు చెడదు, నిజమే. కాని అక్షరము బొమ్మయైపోవును. చివరి ఘడియలో అచ్చుతప్పు కనబడినచో దానిని దిద్దుట కష్టము. ఇది రోగమునకు మందు కాదు, రోగిని కదలకుండ కట్టివేయుట.

అంతకంటె లోతైన లోపము మరొకటి కలదు. యూనికోడ్ విధానములో ప్రతి తెలుగు వర్ణమునకు ఒక సంఖ్య నియతమై యున్నది. ‘క్షీ’ అను ఒక్క రూపము వెనుక క, పొల్లు, ష, గుడిదీర్ఘము అను నాలుగు సంఖ్యలుండును. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే చేరినది. ఐనను పెక్కు డి.టి.పి. కేంద్రములలో నేటికిని వాడుచున్న పాత ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో అమర్చినవి. ఇట్టి ఫాంటును పొదిగిన ఫైలు చక్కగా అచ్చగును. కాని పుటపై ‘జనగామ’ అని కనబడినను, లోపల నున్నవి అర్థము లేని ఇంగ్లీషు గుర్తులు. వెదకిన దొరకదు. చూపులేని విద్యార్థికి చదివి వినిపించు సాధనము దానిని పలుకలేదు.

యూనికోడ్ ఫాంట్లకు కొరత లేదు. జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన మహాకవి పేరిట పోతన, మరియు వేమన, మండలి, రామభద్ర, గిడుగు మొదలగునవి ఉచితముగా లభించును. ఇవియును నిర్దోషములు కావు. పి.డి.ఎఫ్. దాచుకొనునది ముఖ్యముగా రూపముల సంఖ్యలను; వానినుండి తిరిగి వర్ణములను రాబట్టు పట్టిక సరిగా లేనిచో ఒత్తులు, గుణింతములు తారుమారగును. పేజ్‌మేకర్ వంటి పాత సాధనములు యూనికోడ్‌ను ఎరుగనే ఎరుగవు. ముద్రకులు పాత ఫాంట్లను విడువకుండుటకు ఇదియు నొక కారణము. వారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

ఉపాధ్యాయులు చేయదగిన పరీక్షలు రెండు. ఫైలు వివరములలోని ఫాంట్ల జాబితాలో ప్రతి పేరు ప్రక్క ‘ఎంబెడెడ్’ అని యున్నదో లేదో చూడవలెను. పిదప ఒక పంక్తిని కాపీచేసి వేరొక చోట అతికించి చూడవలెను. మొదటిది అచ్చునకు పరీక్ష, రెండవది భాషకు పరీక్ష. రెండవదానిలో ఓడిన ఫైలుతో బాటు యూనికోడ్ మూలప్రతిని కూడ భద్రపరుపవలెను. అచ్చైన పుట నేటి పాఠకునికి చాలును. వెదకదగిన పాఠము రేపటి పాఠకునికిని కావలెను.