స్లైడు చదివే కళ్లు

పాప్ స్మియర్, అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల స్లైడు, చదవడం బియ్యంలో రాళ్లేరడం లాంటిదే. కాకపోతే ఇక్కడ గింజలు వేలల్లో ఉంటాయి, రాయి కూడా గింజలాగే కనిపిస్తుంది. సైటాలజీ టెక్నీషియన్ నాగటి చాలు తప్పనట్టు, స్లైడును వరస వెంట వరస జరుపుతూ పోతుంది. గులాబీ, నీలిపచ్చ కణాల మధ్య ఒకచోట చెయ్యి ఆగుతుంది. ఎండుద్రాక్షలా ముడతలు పడ్డ కేంద్రకం, దాని చుట్టూ తెల్లటి ఖాళీ. కాయిలోసైట్! హెచ్‌పీవీ అనే వైరస్ సోకిందనడానికి ఆనవాలు. పక్కనే సిరా చుక్క పెడుతుంది.

ఇప్పుడు పీసీఆర్ యంత్రం వైరస్ డీఎన్ఏనే పట్టేస్తోంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలను విడిగానూ చెబుతుంది. గొప్పే. కానీ కణం ఎంత చెడిందో దానికి తెలియదు. చాలామందిలో వైరస్ దానంతటదే పోతుంది కూడా. అందుకే పాజిటివ్ వచ్చాక చాలాచోట్ల స్లైడు మళ్లీ ఈమె బల్ల మీదికే వస్తుంది. కళ్లజోడు తుడుచుకుని ఫోకస్ సరిచేస్తుంది.